ఒకే ప్రయాణం, రెండు టికెట్లు: మధ్యలో ఫ్లైట్ తప్పితే పూచీ ఎవరిది?

2025 డిసెంబర్ మొదటి వారంలో ఇండిగో ఫ్లైట్లు వేల సంఖ్యలో రద్దయ్యాయి. పైలట్ల డ్యూటీ వేళల మీద వచ్చిన కొత్త నిబంధనలకు సరిపడా సిబ్బంది లేక, డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా ఫ్లైట్లు ఎగరలేదు. శంషాబాద్‌లోనూ ఢిల్లీలోనూ నేలమీద పడుకున్నవాళ్లలో పెళ్లికి బయల్దేరినవాళ్లు, ఆఫీసు పనిమీద వెళ్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల నష్టం ఒక రకం. దేశం దాటించే పెద్ద ఫ్లైట్ అందుకోవడానికి ఈ చిన్న ఫ్లైట్ ఎక్కాల్సినవాళ్ల నష్టం పూర్తిగా ఇంకో రకం. నాలుగైదు వేల టికెట్ రద్దయితే ఆ నాలుగైదు వేలూ వెనక్కి వస్తాయి. దాన్ని నమ్ముకుని కొన్న లక్ష రూపాయల టికెట్ మాత్రం, కొన్న పద్ధతిని బట్టి, కొందరికి దక్కుతుంది, కొందరికి పోతుంది.

ఒకే వరుసలో నిలబడి, ఒకే ఊరికి వెళ్తున్న ఇద్దరికి కౌంటర్‌లో రెండు రకాల సమాధానం ఎందుకొస్తుందో చాలామందికి అర్థం కాదు. సిబ్బంది దయాదాక్షిణ్యాల మీద ఉందనుకుంటారు. అసలు కారణం టికెట్‌లో ఉంది. దూరప్రయాణంలో వచ్చే తిప్పలన్నీ, అంటే తప్పిన కనెక్షన్, రాని బ్యాగ్, అడ్డుపడిన వీసా, దక్కని పరిహారం, తిరిగి తిరిగి ఒకే ప్రశ్న దగ్గరికి వస్తాయి: మొదటి ఊరి నుంచి చివరి ఊరిదాకా ఒకే ఒప్పందమా, రెండా?

పీఎన్ఆర్ వేరు, టికెట్ వేరు

పీఎన్ఆర్ అంటే ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన బుకింగ్ గుర్తు. అది రిజర్వేషన్‌కు పెట్టిన పేరు మాత్రమే. టికెట్ అంటే విమాన సంస్థ మీతో చేసుకున్న రవాణా ఒప్పందం, దాని నంబర్‌లో 13 అంకెలుంటాయి. మొదటి మూడు అంకెలు ఆ టికెట్ ఇచ్చిన సంస్థ గుర్తు: ఎయిర్ ఇండియాకు 098, ఎమిరేట్స్‌కు 176, ఖతార్ ఎయిర్‌వేస్‌కు 157, లుఫ్తాన్సాకు 220, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు 125.

ఒక టికెట్ నంబర్ కింద నాలుగు సెక్టార్ల దాకా పడతాయి. విశాఖ–హైదరాబాద్, హైదరాబాద్–దోహా, దోహా–డల్లాస్ మూడు సెక్టార్లు కాబట్టి ఒక నంబర్‌లో ఇమిడిపోతాయి. రానూపోనూ అయితే ఆరు, అప్పుడు వరుసగా రెండు నంబర్లు ఇస్తారు. చివరి అంకె ఒకటి పెరిగిందంటే భయం లేదు, అది ఒకే ఒప్పందానికి రెండో పేజీ లాంటిది.

తికమక ఇక్కడే మొదలవుతుంది. పీఎన్ఆర్‌లు రెండున్నా టికెట్ ఒకటే కావచ్చు. రెండు భాగస్వామ్య సంస్థలు కలిసి మోసే ప్రయాణంలో ఎవరి కంప్యూటర్‌లో వాళ్లు తమ సొంత గుర్తు పెట్టుకుంటారు. దానికి తలకిందులుగా, ఆన్‌లైన్ పోర్టల్‌లో ఒక్కసారే డబ్బు కట్టి, ఒకే బుకింగ్ ఐడీ, ఒకే పీడీఎఫ్ అందుకున్నా, లోపల రెండు వేర్వేరు టికెట్లు ఉండొచ్చు. పోర్టళ్లు దీన్ని ‘సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్’ అంటాయి. ఆ మాట ధర పక్కన సన్నటి అక్షరాల్లో ఉంటుంది. పోర్టల్ ఐడీకి విమాన సంస్థ దృష్టిలో ఏ విలువా లేదు. చవక సంస్థల్లో చాలావాటికి 13 అంకెల నంబరే ఉండదు, పీఎన్ఆర్‌తోనే సరి. ప్రయాణంలో ఒక ముక్కకు 13 అంకెల నంబర్ ఉండి ఇంకో ముక్కకు లేదంటే అవి రెండు టికెట్లన్నమాట.

ఒకే ఆలస్యం, రెండు లెక్కలు

ఒక విద్యార్థి విశాఖ నుంచి డల్లాస్ వెళ్లాలనుకుందాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. అంతా ఒకే టికెట్ మీద 91,000 రూపాయలు. విడివిడిగా కొంటే విశాఖ–హైదరాబాద్ 4,500, హైదరాబాద్–దోహా–డల్లాస్ 78,000, మొత్తం 82,500. ఆదా 8,500. రాత్రి 10:30కి శంషాబాద్‌లో దిగాలి, తెల్లవారుజాము 3:20కి దోహా ఫ్లైట్. చేతిలో ఐదు గంటలకు పది నిమిషాలు తక్కువ. కాగితం మీద చూస్తే దిట్టమైన ఏర్పాటే.

విశాఖ ఫ్లైట్ మూడుంపావు గంటలు ఆలస్యమై 1:45కి దిగింది. తలుపు తెరిచేసరికి 2:00. బెల్టు మీద బ్యాగ్ వచ్చేసరికి 2:25. అంతర్జాతీయ చెక్-ఇన్ కౌంటర్ ఫ్లైట్‌కు గంట ముందు, అంటే 2:20కే మూసేశారు. విమానం ఇంకా గేటు దగ్గరే ఉంది, ఇంకో 55 నిమిషాలు ఉంటుంది కూడా. అయినా ఈ ప్రయాణికుడు ఆ సంస్థ రికార్డులో నో-షో, చెప్పకుండా రాని మనిషి. దేశీయ సంస్థ ఏమంటుంది? హైదరాబాద్ చేరుస్తామన్నాం, చేర్చాం. అంతర్జాతీయ సంస్థ ఏమంటుంది? మా ఫ్లైట్ వేళకే వెళ్లింది, మీరే రాలేదు. వాళ్ల వాళ్ల ఒప్పందాల ప్రకారం ఇద్దరిదీ నిజమే. ఈ ఇద్దరి నిజాల మధ్య పడి పోయేది 78,000 రూపాయల టికెట్. రేటు నిబంధనలు ఒప్పుకుంటే నో-షో రుసుము, ఆనాటి రేటుతో తేడా కట్టి మార్చుకోవచ్చు. ఒప్పుకోకపోతే పన్నులు మినహా ఏమీ రాదు, మర్నాటి టికెట్ కొత్తగా కొనాలి.

అదే ఆలస్యం ఒకే టికెట్ మీద జరిగితే కథ మారుతుంది. బ్యాగ్ విశాఖలోనే డల్లాస్ ట్యాగ్‌తో వెళ్లిపోయింది కాబట్టి బెల్టు దగ్గర నిలబడే పని లేదు. డల్లాస్ దాకా బోర్డింగ్ పాసులు విశాఖలోనే ఇచ్చి ఉంటారు కాబట్టి కౌంటర్ మూసినా పర్వాలేదు, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ దాటి గేటుకు పరిగెత్తొచ్చు. అందకపోయినా తర్వాతి ఖాళీ సీటు వెతికి ఇవ్వాల్సింది సంస్థే, రేటు తేడా లేకుండా. ఆ 8,500 రూపాయలు నిజానికి కొన్నది ఈ బాధ్యతను. బీమా ప్రీమియంలాగే, అవసరం పడనన్నాళ్లూ దండగ ఖర్చులా కనిపిస్తుంది.

కనెక్షన్‌కు ఎంత టైమ్ చాలు?

ప్రతి విమానాశ్రయానికీ కనీస కనెక్షన్ సమయం అని ఒకటి ఉంటుంది. విమాన సంస్థల బుకింగ్ వ్యవస్థ అంతకన్నా తక్కువ తేడా ఉన్న రెండు ఫ్లైట్లను ఒకే టికెట్‌గా అమ్మదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అది మామూలుగా 45 నిమిషాలు. కానీ కనీసం అంటే కనీసమే. అన్నీ వేళకు జరిగితే సరిపోతుందని అర్థం, హాయిగా సరిపోతుందని కాదు. రెండు టికెట్లు విడిగా కొంటే ఈ లెక్క చూసేవాళ్లే ఉండరు, నలభై నిమిషాల తేడాతోనైనా కొనుక్కోవచ్చు.

అమెరికా వెళ్లేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. చివరి ఊరు ఏదైనా, అమెరికా నేల మీద మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, కస్టమ్స్ జరుగుతాయి. బ్యాగ్ చివరి ఊరికి ట్యాగ్ చేసి ఉన్నా సరే, సాధారణంగా ఆ మొదటి ఊళ్లో బెల్టు మీంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, పక్కనే ఉన్న రీ-చెక్ బెల్టు మీద మళ్లీ వెయ్యాలి. హైదరాబాద్ నుంచి షికాగో మీదుగా సెయింట్ లూయిస్ వెళ్తున్నాడనుకుందాం, షికాగోలో రెండున్నర గంటలు. విమానం దిగి నడవడానికి 15 నిమిషాలు. ఇమిగ్రేషన్ క్యూ 60. బ్యాగ్ 20. రీ-చెక్ 10. టెర్మినల్ మారడానికి 15, మళ్లీ సెక్యూరిటీ 25. ఇప్పటికే 145 నిమిషాలు. గేటు 15 నిమిషాల ముందే మూస్తారు కాబట్టి ఉన్నది 135. ఎవరి తప్పూ లేకుండానే ఫ్లైట్ పోయింది.

దీని మీద సెకండరీ పడితే చెప్పక్కర్లేదు. సెకండరీ అంటే ఇమిగ్రేషన్ అధికారి పక్క గదికి పంపి కాగితాలు మళ్లీ పరిశీలించడం. మొదటిసారి ఎఫ్-1 మీద వస్తున్న విద్యార్థుల్లో కొందరికి ఇది తప్పదు, గంట పట్టొచ్చు, మూడు పట్టొచ్చు. అందరూ భయపడేది కాలేజీ ఇచ్చిన ఐ-20 అనే పత్రం చెక్-ఇన్ బ్యాగ్‌లో ఉండిపోయినప్పుడు. ఆ బ్యాగ్ ఇమిగ్రేషన్ అవతల ఉంటుంది, మనిషి ఇవతల ఉంటాడు. అధికారి తలుచుకుంటే ఐ-515ఏ అనే ఫారం ఇచ్చి, కాగితాలు చూపించడానికి 30 రోజుల గడువుతో లోపలికి పంపొచ్చు. అది ఆయన విచక్షణ, హక్కు కాదు.

అబూదాబి మీదుగా వెళ్తే ఈ వరస తిరగబడుతుంది. 2014 నుంచి అక్కడ అమెరికా అధికారులే కూర్చుని ఇమిగ్రేషన్, కస్టమ్స్ ముందే పూర్తి చేస్తున్నారు. అమెరికాలో దిగేసరికి దేశీయ ఫ్లైట్ దిగినట్టే. ఐర్లాండ్‌లో డబ్లిన్, షానన్ కూడా అంతే. అయితే క్యూ మాయం కాలేదు, అబూదాబికి మారిందంతే. అక్కడ ఫ్లైట్ల మధ్య గంటన్నర ఉంటే చాలదు.

వెనక్కి వచ్చేటప్పుడు మన దేశంలోనూ ఇలాంటిదే. ఢిల్లీలో దిగి హైదరాబాద్ వచ్చేవాళ్లు సాధారణంగా ఢిల్లీలోనే బ్యాగ్ తీసుకుని, కస్టమ్స్ దాటి మళ్లీ ఇవ్వాలి. డిసెంబర్, జనవరి పొగమంచు రోజుల్లో ఢిల్లీ కనెక్షన్ మూడు గంటలున్నా ధీమా ఉండదు.

బ్యాగ్ మీద కట్టిన కాగితం చదవడం

చెక్-ఇన్‌లో సూట్‌కేస్ పిడికి చుట్టే తెల్ల కాగితాన్ని చాలామంది చూడనే చూడరు. దాని మీద పెద్ద అక్షరాల్లో ఉండే మూడక్షరాల కోడ్ బ్యాగ్ ఎక్కడిదాకా వెళ్తుందో చెబుతుంది. డల్లాస్ వెళ్లే మనిషి బ్యాగ్ మీద డీఎఫ్‌డబ్ల్యూ ఉండాలి. హెచ్‌వైడీ అని ఉంటే అది హైదరాబాద్‌లోనే బెల్టు మీదికి వస్తుంది, తీసుకునేవాళ్లు లేకపోతే అక్కడే తిరుగుతూ ఉంటుంది. దాని కింద బార్‌కోడ్, పది అంకెల నంబర్. ఆ పదిలో మొదటి అంకె వదిలేస్తే తర్వాతి మూడు మళ్లీ విమాన సంస్థ గుర్తే, మిగిలిన ఆరు వరుస సంఖ్య. బోర్డింగ్ పాస్ వెనక అంటించే చిన్న స్టిక్కర్‌లో ఉండేదీ అదే నంబర్. బ్యాగ్ పోయిన రోజు దాన్ని వెతికించే ఆధారం అదొక్కటే కాబట్టి, ఆ స్టిక్కర్‌ను నలిపి చెత్తబుట్టలో వేసినవాళ్లు తర్వాత తల పట్టుకుంటారు.

రెండు టికెట్లున్నా బ్యాగ్‌ను చివరిదాకా పంపే సంస్థలు కొన్ని ఉన్నాయి, ముఖ్యంగా రెండు టికెట్లూ తమవే అయితే. చాలా సంస్థలు ఒప్పుకోవు. ఒప్పుకున్నా ఒక సంగతి మరుగున పడకూడదు: బ్యాగ్ ట్యాగ్ చివరిదాకా ఉన్నంత మాత్రాన మనిషికి ఆ రక్షణ వచ్చినట్టు కాదు. మధ్యలో ఫ్లైట్ తప్పితే టికెట్లు రెండే. పైగా అప్పుడు బ్యాగ్ ఒక దారి, మనిషి ఒక దారి.

బరువు లెక్క కూడా టికెట్‌తోనే మారుతుంది. అమెరికా, కెనడా టికెట్ల మీద మామూలుగా 23 కిలోల బ్యాగులు రెండు ఇస్తారు. యూరప్ టికెట్లలో కొన్నిటికి మొత్తం బరువు ఇన్ని కిలోలని లెక్క. ఒక్క బ్యాగ్ 32 కిలోలు దాటకూడదన్నది దాదాపు అంతటా ఉన్న నియమం, అది ఎత్తేవాళ్ల నడుముల కోసం. ఒకే టికెట్ అయితే ఆ 46 కిలోలు విశాఖ నుంచీ చెల్లుతాయి. విడి టికెట్ అయితే దేశీయ ఫ్లైట్‌లో మామూలుగా 15 కిలోలే ఉచితం, మిగిలిన 31 కిలోలకు అక్కడికక్కడే కట్టాలి. ఆదా అనుకున్న 8,500 చాలా సందర్భాల్లో ఈ కౌంటర్ దగ్గరే ఖర్చయిపోతుంది.

అమ్మ సర్దిన సామాన్ల సంగతి వేరే చెప్పాలి. ఆవకాయ చెక్-ఇన్ బ్యాగ్‌లో పోతుంది, చేతిసంచిలో పోదు. కోడి పచ్చడి, మాంసం పచ్చళ్లు అమెరికా కస్టమ్స్ దగ్గర ఆగిపోతాయి. పచ్చి కరివేపాకు కూడా ఆగిపోతుంది, నిమ్మజాతి చెట్లకు వచ్చే తెగులు దాంతో వస్తుందని అక్కడి వ్యవసాయ శాఖ భయం. ఎండుకొబ్బరి చిప్పల్లో నూనె ఎక్కువ, తేలిగ్గా అంటుకుంటాయని 2022 నుంచి మన విమానాశ్రయాల్లోనే చెక్-ఇన్ బ్యాగ్‌లో నిషేధించారు. స్కానింగ్‌లో కనపడితే బ్యాగ్ పక్కన పెట్టి, మనిషిని పిలిచి తీయిస్తారు. ఫ్లైట్ వేళ దగ్గరపడ్డాక ఆ పిలుపు వస్తే బ్యాగ్ మిగిలిపోతుంది.

వీటన్నిటికన్నా ప్రమాదం గసగసాలు. మనకు మసాలా దినుసు, యూఏఈ, సౌదీ, సింగపూర్ చట్టాల దృష్టిలో అది మాదకద్రవ్యం. ఇక్కడా టికెట్ ప్రశ్నే అడ్డొస్తుంది. ఒకే టికెట్ మీద బ్యాగ్ దుబాయ్ లోపలి నుంచి ఒక విమానంలోంచి ఇంకో విమానంలోకి మారిపోతుంది. అయినా నిశ్చింతగా ఉండలేం. రెండు టికెట్లయితే బ్యాగ్ బయటికి తీసుకోవాలి, అంటే ఆ పొట్లంతో సహా దుబాయ్ కస్టమ్స్ గుండా నడవాలి. కౌంటర్‌లో పోగొట్టుకునేది డబ్బు, ఇక్కడ జైలు.

పవర్ బ్యాంక్ ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి, 100 వాట్-అవర్ల లోపు. లెక్క తేలికే: 20,000 ఎంఏహెచ్‌ను 3.7 వోల్టులతో హెచ్చించి వెయ్యితో భాగిస్తే 74. గేటు దగ్గర చోటు లేదని చేతి బ్యాగ్‌ను కిందికి పంపేటప్పుడు దీన్ని బయటికి తియ్యడం మర్చిపోతారు.

వీసా: దాటడం వేరు, దిగడం వేరు

విమానాశ్రయం లోపలే ఉండి ఫ్లైట్ మారడం ఒకటి, ఇమిగ్రేషన్ దాటి బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లడం ఇంకొకటి. మొదటిది చట్టరీత్యా ఆ దేశంలోకి అడుగుపెట్టడం కాదు, రెండోది అడుగుపెట్టడమే. దుబాయ్, దోహా, అబూదాబిలలో లోపలే మారే భారతీయులకు వీసా అక్కర్లేదు. విడి టికెట్ల వల్ల బ్యాగ్ కోసం బయటికి రావాల్సి వస్తే ఆ దేశపు ప్రవేశ నిబంధనలన్నీ వర్తిస్తాయి. యూఏఈలో చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్నవాళ్లకు అక్కడికక్కడే రుసుము కట్టించుకుని వీసా ఇస్తారు. యూరప్‌లో అలాంటి సదుపాయం లేదు, అక్కడి చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంజెన్ వీసా ముందే ఉండాలి.

ఒకే టికెట్ కొన్నవాళ్లు కూడా పడిపోయే గొయ్యి ఒకటుంది. హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్–లిస్బన్–బోస్టన్ అని చవకగా ఒక దారి చూపిస్తుంది వెబ్‌సైట్. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లిస్బన్ షెంజెన్ దేశాల మధ్య ఫ్లైట్, అంటే దేశీయ ఫ్లైట్‌తో సమానం. అది ఎక్కాలంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇమిగ్రేషన్ దాటాలి, దానికి షెంజెన్ వీసా కావాలి. అమెరికా వీసా ఇక్కడ పనికిరాదు. టికెట్ అమ్మేటప్పుడు వీసా ఎవరూ అడగరు, శంషాబాద్ కౌంటర్‌లో అడుగుతారు. అక్కడ సిబ్బంది చూసేది టిమాటిక్ అనే డేటాబేస్. ఏ పాస్‌పోర్టు వాళ్లు ఏ దారిలో వెళ్లాలంటే ఏ కాగితాలుండాలో అందులో ఉంటుంది. కాగితాలు సరిగా లేని మనిషిని తీసుకెళ్తే సంస్థకు జరిమానా, వెనక్కి తెచ్చే ఖర్చు కూడా దానిదే. అందుకే కౌంటర్‌లో బతిమాలినా లాభం ఉండదు.

బ్రిటన్ మీదుగా వచ్చేవాళ్లది ఇంకో చిక్కు. లండన్‌లో లోపలే మారినా భారతీయులకు ట్రాన్సిట్ వీసా కావాలి, చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మినహాయింపు. అమెరికాలో ఏళ్లుగా హెచ్-1బీ మీద ఉంటున్న మనవాళ్లలో చాలామందికి ఉద్యోగ అనుమతి కాగితం సక్రమంగానే ఉంటుంది, పాస్‌పోర్టులో వీసా స్టాంప్ గడువు మాత్రం తీరిపోయి ఉంటుంది. అమెరికాలో ఉండటానికి అది తప్పు కాదు. కానీ బ్రిటన్ చూసేది స్టాంప్. కొత్త స్టాంప్ వేయించుకునే పనిమీదే ఇండియా వస్తున్న మనిషిని, ఆ స్టాంప్ లేదని అమెరికా విమానాశ్రయంలోనే ఆపేస్తారు. ట్రాన్సిట్ నియమాలు తరచూ మారతాయి కాబట్టి, పోయినేడాది వెళ్లొచ్చిన బంధువు మాట ఈ ఏడాదికి ప్రమాణం కాదు.

మొదటి సెక్టార్ ఎగ్గొడితే

ఒకే టికెట్‌లో మేలు ఎంతుందో కట్టుబాటూ అంతే ఉంది. విజయవాడ–ఢిల్లీ–లండన్ టికెట్ కొన్నాక, ఏదో పనిమీద ముందే ఢిల్లీ వెళ్లి అక్కడ ఎక్కుదాంలే అనుకుంటారు కొందరు. మొదటి సెక్టార్ ఎక్కకపోతే మిగిలినవన్నీ వాటంతటవే రద్దవుతాయి, తిరుగు ప్రయాణంతో సహా. ఆఖరి సెక్టార్ వదిలేస్తే మాత్రం రద్దవడానికి ఇంకేమీ మిగలదు.

తేదీ తడబాటు కూడా ఇలాగే నో-షోకు దారితీస్తుంది. మన దగ్గర్నుంచి పెద్ద ఫ్లైట్లలో చాలావరకు అర్ధరాత్రి దాటాకే లేస్తాయి. 12వ తేదీ 2:30 అని టికెట్‌లో ఉంటే 11వ తేదీ రాత్రి అన్నం తిని బయల్దేరాలి. 12 రాత్రి సామాన్లతో చేరేసరికి ఆ ఫ్లైట్ వెళ్లి దాదాపు రోజవుతుంది. దానికి ఏ చట్టంలోనూ పరిహారం లేదు.

పరిహారం: ఏ దేశపు చట్టం?

మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో ఫ్లైట్ రద్దుకు పరిహారం ఉంది, ఉత్త ఆలస్యానికి నగదు లేదు. రద్దు సంగతి సరైన గడువులో చెప్పకపోతే, గేటు నుంచి గేటుదాకా గంటలోపు ప్రయాణమైతే 5,000, గంట నుంచి రెండు గంటలైతే 7,500, అంతకు మించితే 10,000 రూపాయలు, లేదా ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన రుసుము కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది. మన విశాఖ ఉదాహరణలో రద్దయి ఉంటే టికెట్టే 4,500 కాబట్టి పరిహారం అంతకు మించదు. పోయిన 78,000 గురించి ఈ నిబంధనలో ఒక్క మాటా లేదు.

యూరప్ చట్టం, 2005 నుంచి అమల్లో ఉన్న 261/2004 నిబంధన, చాలా ఉదారమైనది. 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో చివరి ఊరికి నాలుగు గంటలు ఆలస్యంగా చేరితే 600 యూరోలు, మూడు నుంచి నాలుగు గంటలైతే సగం. యూరప్ నుంచి బయల్దేరే ఏ సంస్థకైనా, యూరప్‌కు వచ్చే యూరప్ సంస్థలకూ వర్తిస్తుంది. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా హాంబర్గ్‌కు జర్మన్ సంస్థలో ఒకే టికెట్ మీద వెళ్తే ఉంది. గల్ఫ్ సంస్థలో దోహా మీదుగా హాంబర్గ్ వెళ్తే లేదు. అదే గల్ఫ్ సంస్థలో హాంబర్గ్ నుంచి తిరిగొస్తుంటే ఉంది, ఆలస్యం దోహాలో జరిగినా సరే.

మరి హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్–షికాగో జర్మన్ సంస్థలో ఒకే టికెట్ మీద? ఉంటుందనే చాలామంది అనుకుంటారు. లేదని యూరప్ న్యాయస్థానం 2022 ఫిబ్రవరిలో తేల్చింది. ఆ కేసు మాల్డోవా రాజధాని కిషినావ్ నుంచి వియన్నా మీదుగా బ్యాంకాక్ వెళ్లిన ప్రయాణికుడిది. ఒకే బుకింగ్ అయితే మొత్తాన్ని ఒకే ప్రయాణంగా చూడాలి, దాని మొదలూ చివరా యూరప్ బయటే ఉన్నాయి కాబట్టి చట్టం వర్తించదని తీర్పు. చిత్రమేమిటంటే ఫ్రాంక్‌ఫర్ట్–షికాగో విడి టికెట్‌గా ఉంటే వర్తిస్తుంది. ఒకే టికెట్ అన్నిటికీ మందు కాదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

వాతావరణం, గగనతలం మూత లాంటి అసాధారణ కారణాలకు ఈ నగదు ఉండదు, తిండి, బస మాత్రం ఇవ్వాలి. బ్రిటన్ తన చట్టంగా దాదాపు ఇదే ఉంచుకుంది, 600 యూరోల చోట 520 పౌండ్లు. అమెరికాలో ఆలస్యానికి నగదు పరిహారం లేదు. అంతర్జాతీయ ఫ్లైట్ వేళ ఆరు గంటలో, అంతకు మించో మారి, ప్రయాణికుడు వద్దనుకుంటే డబ్బు వాపసు ఇవ్వాలన్నది అక్కడి నియమం.

రెండు టికెట్లు కొనడం పొరపాటేనా?

విమాన సంస్థల వాదన సూటిగా ఉంటుంది: పక్క సంస్థ ఆలస్యానికి మేమెందుకు డబ్బు కట్టాలి? విడి టికెట్ చవగ్గా ఉండటానికి కారణమే ఆ పూచీ లేకపోవడం కదా. ప్రయాణికుల తరఫువాళ్లు అడిగేది ఇంకోటి: అలాంటప్పుడు రెండింటినీ ఒకే తెర మీద, ఒకే ధరగా, ఒకే ప్రయాణంలా ఎందుకు చూపిస్తున్నారు? ఈ రెండో ప్రశ్నలో న్యాయం ఎక్కువుంది. పోర్టళ్లు ‘కనెక్షన్ గ్యారంటీ’ పేరుతో అమ్మేది విమాన సంస్థ బాధ్యత కాదు, పోర్టల్ ఇచ్చే సొంత హామీ. గడువులోపు తెలియజేయాలని, ఇంత మొత్తానికే పరిమితమని షరతులుంటాయి. ప్రయాణ బీమాలు చాలావాటిలో సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ నష్టానికి డబ్బు రాదు.

అయినా విడి టికెట్లు తెలివైన పనే అయ్యే సందర్భాలున్నాయి. హైదరాబాద్‌లో ఒక రోజు ముందే దిగి బంధువుల ఇంట్లో పడుకునేవాళ్లకు ఆలస్యంతో నష్టం లేదు. విజయవాడ నుంచి శంషాబాద్‌కు రోడ్డు మీద వచ్చేవాళ్లు చేసేదీ ఒక రకంగా విడి టికెట్టే, బస్సు ఆలస్యమైతే విమాన సంస్థ పట్టించుకోదని తెలుసు కాబట్టి ఐదారు గంటలు ముందే దిగుతారు. మధ్యలో నాలుగు రోజులు దుబాయ్ చూసేవాళ్లకూ ఇబ్బంది లేదు. తేడా అల్లా, తెలిసి విడిగా కొనడానికీ తెలియక విడిగా కొనడానికీ మధ్య ఉంది.

2025లో రెండు సంఘటనలు ఈ తేడాను పెద్ద ఎత్తున చూపించాయి. మార్చి 21న సబ్‌స్టేషన్‌లో మంటలు లేచి లండన్ హీత్రో మూతపడింది. జూన్ 23న ఇరాన్ క్షిపణుల నేపథ్యంలో ఖతార్ తన గగనతలం మూసేసింది. రెండింటిలోనూ విమాన సంస్థల తప్పు లేదు, నగదు పరిహారం ప్రశ్నే రాదు. ఒకే టికెట్ ఉన్నవాళ్లను ఇంకో దారిలో చేర్చే బాధ్యత మాత్రం టికెట్‌తోపాటు అలాగే ఉండిపోయింది.

బ్యాగ్ రాలేదు, ఇప్పుడు గడియారం ఎప్పటినుంచి?

బెల్టు ఆగిపోయింది, సూట్‌కేస్ రాలేదు. విమానాశ్రయం దాటకముందే అక్కడి లగేజీ కౌంటర్‌లో పీఐఆర్ అనే ఫిర్యాదు పత్రం రాయించుకోవాలి. వాళ్లిచ్చే పది గుర్తుల నంబర్‌లో మొదటి మూడు విమానాశ్రయం కోడ్, తర్వాతి రెండు సంస్థ కోడ్, చివరి ఐదు అంకెలు. ఒకే టికెట్ మీద మూడు సంస్థలు మోసినా, మామూలుగా ఈ పని చివరి సంస్థే చేపడుతుంది. చట్టరీత్యా మొదటి సంస్థనూ, చివరి సంస్థనూ, ఎక్కడ పోయిందో తెలిస్తే ఆ సంస్థనూ అడగొచ్చు. రెండు టికెట్లయితే ఒక్కో టికెట్ గొలుసు దానిదానికే తెగిపోతుంది.

దీన్ని నడిపేది 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం, భారత్ 2009లో అందులో చేరింది. బ్యాగ్‌కు గరిష్ఠ బాధ్యత 2024 డిసెంబర్ 28 నుంచి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్. ఎస్‌డీఆర్ అంటే ఐదు కరెన్సీలు కలిపి అంతర్జాతీయ ద్రవ్యనిధి కట్టిన లెక్క యూనిట్, ఈ మొత్తం దాదాపు 2,000 డాలర్లు. ఇది పరిమితే తప్ప ఖాయంగా ఇచ్చేది కాదు. లోపల ఏముందో, ఎంత విలువో చూపించాలి. బ్యాగ్ వచ్చేలోపు కొనుక్కున్న బట్టలు, దుప్పటి, సబ్బుల బిల్లులు ఇందులోకే వస్తాయి. చలికాలంలో డెట్రాయిట్‌లో దిగిన విద్యార్థి కొన్న జాకెట్ బిల్లును సంస్థ కాదనడం కష్టం, రెండో జత బూట్ల మీద బేరం ఆడుతుంది.

ఇక్కడ మూడు గడువులుంటాయి, వాటిని కలగాపులగం చేసుకునే చాలా క్లెయిములు పోతాయి. బ్యాగ్ పగిలి వస్తే, అందుకున్న రోజు నుంచి 7 రోజుల్లో లిఖితంగా చెప్పాలి. ఆలస్యంగా వస్తే, మీ చేతికిచ్చిన రోజు నుంచి 21 రోజులు. అసలు రాకపోతే, రావాల్సిన రోజు నుంచి 21 రోజులు గడిచాక పోయినట్టు లెక్క. కోర్టుకు వెళ్లాలంటే రెండేళ్లు. కౌంటర్‌లో రాయించిన పీఐఆర్ సంస్థకు సమాచారం మాత్రమే. బ్యాగ్ 5వ తేదీన ఇంటికి చేరింది, దాంతో ఊపిరి పీల్చుకుని బిల్లులన్నీ ఒక కవర్‌లో పెట్టి, సెమిస్టర్ హడావిడి తగ్గాక 28న పంపిస్తే, గడువు దాటి రెండు రోజులవుతుంది.